కలిపే మోటారు

మా అత్తయ్యను మా ఆవుల పాకలో పనివాళ్లంతా స్విచ్చమ్మ అంటారు. ఎదురుగా కాదులెండి, అంత గుండె ఎవరికుంది! బుడ్డిదీపం వెలుగులో పెరిగిన మనిషి. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే తన రక్తం ఎవరో పీల్చేస్తున్నట్టు విలవిల్లాడి స్విచ్చు కట్టేస్తుంది. మా డెయిరీలో కరెంటు వాడకం అంత తగ్గిందంటే ఆ పుణ్యం ఆవిడదే. ఆవిడతో వేగలేక చస్తున్నది మాత్రం నేను.

ఆ ఉదయం ట్యాంకరు డ్రైవరు వచ్చి మా పాల ట్యాంకు ముల్లు చూశాడు. నాలుగు డిగ్రీలు. అంతకు మించితే పాలు తీసుకోరు. హమ్మయ్య అనుకున్నాను. కిందటి వారం పాలు వెచ్చగా ఉన్నాయని వెనక్కి కొట్టారు. ఇంకోసారి కొడితే మా పాకకు బండే రాదు. బండి రాకపోతే ఆవుల్ని అమ్ముకోవడమే.

అతను పాలు కలిపే మోటారు వేశాడు. పాలు సుడి తిరిగాయి. ముల్లు కదిలి ఏడు మీద నిలిచింది.

"ఇదేంటమ్మా? అసలు కలపలేదా?"

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"చల్లబడ్డాయి కదా, ఇంకా తిప్పడం దండగని... నేనే కట్టేశా."

ముల్లు చూపేది ట్యాంకు అడుగున వేడిని. కింద పాలు చల్లబడగానే, చల్లబరిచే కంప్రెసర్ ఆగిపోయింది, పైన పాలు గోరువెచ్చగానే ఉండిపోయాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఎన్నిసార్లు చెప్పాను!

"అన్నా, కాసేపు ఆగండి," అని బతిమాలాను.

"పక్క పాకలో పాలు ఎత్తుకుని ఇటే వస్తా. అప్పటికీ తగ్గకపోతే నా చేతుల్లో లేదు."

బండి కదిలింది. మళ్లీ మొదలైన కంప్రెసర్ మూలుగుతోంది, వోల్టేజి చాలడం లేదు. అత్తయ్య ఒక్క ఉదుటున లేచింది. గడ్డి కోసే యంత్రం, నీళ్ల మోటారు, పాకలో ఫ్యాన్లు, ఇంట్లో ఫ్రిజ్జు అన్నీ టపటపా కట్టేసుకుంటూ పరిగెత్తింది. మూలుగు తగ్గింది. ముల్లు ఆరుకు దిగింది. చాలాసేపటికి ఐదు. అక్కడే మొండికేసింది.

బయట హారన్ వినిపించింది. అత్తయ్య ట్యాంకుకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నా కోపం ఎటు పోయిందో, వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

డ్రైవరు వంగి చూశాడు. గాజు మీద వేలితో కొట్టగానే ముల్లు కిందికి జారింది.

"నాలుగు. పైపు తగిలించండి."

బండి వెళ్లాక అత్తయ్య స్విచ్చుబోర్డు ముందు నిలబడింది. చెయ్యి దానంతటదే పైకి లేచి, మధ్యలో ఆగింది. ఇన్నేళ్లలో ఆవిడ నోట ఓడిన మాట నేనెప్పుడూ వినలేదు. విన్నాక నాకు ఏడుపొచ్చింది.

"అమ్మాయ్, ఈ కలిపే మోటారు స్విచ్చుకో పెట్టె చేయించి తాళం వేయి. తాళంచెవి నాకివ్వకు. నా చెయ్యి నా మాట వినదు."