మూడో వరస ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొని చూడు అని మాత్రం అనలేదు. కొనాలా వద్దా అని మొగుడూ పెళ్లాలు ఎన్నాళ్లు కొట్టుకుంటారో వాళ్లకి తెలియదేమో.

అప్పట్లో మేం పిల్లలతో విజయనగరంలో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్లం. నేను స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని, మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. విశాఖను కుదిపేసిన పెద్ద తుఫాను వెళ్లి ఇంకా ఏడాది కాలేదు. భోగాపురంలో విమానాశ్రయం వస్తుందన్న మాట పుట్టగానే, విమానాలకంటే ముందు స్థలాల ధరలు పైకి లేచాయి. ఊళ్లో ఇల్లు కొనడం ఇక మా వల్ల కాదని తేలిపోయింది. సరిగ్గా అప్పుడే మా ఆయన అక్క ఫోన్ చేసి, తన ఇల్లు అమ్మేస్తానంది.

వదిన ఇల్లు శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు అవతల, సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న పల్లెలో ఉంది. ఆవిడ భర్త ఏళ్ల తరబడి గుజరాత్ బోట్ల మీద పనిచేసి వేయించిన శ్లాబు ఇల్లు అది. ఆయన కామెర్లతో పోయాక వదిన ఒక్కతే అందులో ఉంటూ ఎండుచేపలు అమ్ముకునేది. ఇల్లు అమ్ముడుపోతే శ్రీకాకుళంలో కూతురింటి పక్కనే ఒక గది తీసుకుందామని ఆవిడ ఆశ. కూతురిది అత్తమామలతో ఇరుకు సంసారం. వాళ్లింట్లో చేరడానికి వదినకు మనసొప్పలేదు.

మా ఆయన పుట్టింది ఆ ఊళ్లోనే. ఆఫీసులో నోరు మెదపని మనిషి, ఆ ఉప్పుగాలి తగిలితే పాటలు పాడతాడు. "పొద్దున్న తలుపు తీస్తే ఎదురుగా సముద్రం! ఇంకేటి కావాలే నీకు?" అని, ఇద్దరం అటు బదిలీ పెట్టుకుందామని నెల్లాళ్లు నా చెవిలో ఇల్లు కట్టుకున్నాడు. నాది కొండల కింద, లారీలకు పేరుపడ్డ సాలూరు. లారీలు కదులుతాయి తప్ప ఇళ్లు ఉన్నచోటే ఉండే ఊరు. తలుపు తీస్తే సముద్రం అన్న మాట ఆయనకు పాటలా వినపడితే, నాకు బెదిరింపులా వినపడింది.

సరే, చూస్తే పోయేదేముందని ఒక ఆదివారం బయల్దేరాం. మా ఆయన వెంట ఒక వాస్తు సిద్ధాంతిని కూడా తెచ్చాడు. మావాళ్లు కొంపలు మునుగుతున్నా ముందు దిక్కులు చూసుకుంటారు.

వదిన మాకు టీలు ఇచ్చి, గుమ్మంలో నిలబడి ఊరంతా చూపించింది. చూపించడానికి ఊరు కంటే నీళ్లే ఎక్కువున్నాయి.

"నాను ఈ ఇంటికి కోడలిగా ఒచ్చినప్పుడు మాది మూడో వరస మరదలా. మా ముందు రెండు వరసల ఇళ్లుండీవి. ఆటి ముందు కొబ్బరి సెట్లు. ఇప్పుడు మాదే మొదటి వరస."

ఇల్లు అంగుళం కదల్లేదు. కదలకుండానే ముందు వరసకొచ్చేసింది. "మరి ముందున్నవాళ్లంతా ఏమయ్యారు వదినా?" అన్నాను.

"ఎక్కడోలక్కడికి ఎల్లిపోనారు. ఇళ్లంటావా, గంగమ్మ తీసీసుకున్నాది." చుట్టాలు సామాను పట్టుకెళ్లారన్నంత మామూలుగా చెప్పింది.

ఈలోగా సిద్ధాంతిగారు టేపు పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగి మహా సంతోషంగా వచ్చారు. తూర్పు వాకిలి. తూర్పున పల్లం. ఆ పల్లంలో నీరు. ఇంతటి జలసమృద్ధి తన సర్వీసులోనే చూడలేదన్నారు. నిజమే, బంగాళాఖాతం కంటే పెద్ద నుయ్యి ఎవరి పెరట్లో ఉంటుంది? ఒక్కటే లోపం చెప్పారు. ఈశాన్యం మూల కోత పడిందట. ఈశాన్యం తగ్గితే ఇంటి యజమానికి అరిష్టమట. అటువైపు నాలుగడుగుల జాగా కొని కలుపుకుంటే దోషం పోతుందన్నారు.

అందరం ఆ మూలకు వెళ్లి చూశాం. ప్రహరీ గోడ అక్కడ విరిగి కింద ఇసుకలో బోర్లా పడి ఉంది. దాని మీద నురగ వచ్చి వెళుతోంది.

"అటేపు జాగా ఎవరి దగ్గర కొనాలి బాబూ?" అంది వదిన సముద్రం వైపు చూస్తూ. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. సిద్ధాంతిగారు టేపు చుట్టుకోవడంలో మునిగిపోయారు. వదినే మళ్లీ అంది: "అరిష్టమంటన్నారు గానీ, మాయన పోయినప్పుడు ఈ గోడ బాగానే ఉన్నాది."

నేను నవ్వలేకపోయాను. ఒళ్లు మండిపోయింది. నీళ్లు గోడ తినేస్తుంటే దానికి కోత అని పేరు పెట్టి, ఆ మూలని సరిచేయమంటున్నాడు ఈ పెద్దమనిషి. మా ఆయన దానికీ తలూపుతున్నాడు. "గోడ మళ్లీ కట్టించుకుందాం అప్పా. ఒడ్డుకి రాళ్లేస్తారంటన్నారు కదా," అంటున్నాడు అక్కతో.

అక్కడే, అందరి ముందే చెప్పేశాను. "నేను ఈ ఇల్లు కొననివ్వను. మీకంతగా సముద్రం కావాలంటే మీరొక్కరే వచ్చి ఉండండి. నా పిల్లల్ని తీసుకొచ్చి ఇందులో పడుకోబెట్టను."

మా ఆయన ముఖం నల్లబడింది. అక్క ముందు పరువు తీశానని ఆయన కోపం. వదిన దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేసింది.

"దాని మీద కోప్పడకురా తమ్ముడా. బాగానే సెప్పింది. పిల్లలున్నోలు ఈ ఇల్లు కొనకూడదు. నాకూ నోట్లోకొచ్చింది గానీ, అమ్ముకునేదాన్ని నానెలా సెప్తాను?"

నా గుండె తేలికపడింది. ఆ తేలికలో నోరు జారి అడిగాను: "మరి నువ్వెలా ఉంటావు వదినా ఇందులో?"

"నాకేటమ్మా. నాను కొనక్కర్లేదు గదా. నాదే."

నెల్లాళ్లుగా కొందామా మానేద్దామా అని మేం తగువులాడుకున్న ఇంట్లో, ఒక మనిషి రోజూ వండుకుని తిని పడుకుంటోంది. మేం వద్దనుకున్న భయం ఎక్కడికీ పోలేదు, ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఈ సంగతి మా ఇద్దరికీ అక్కడికి వచ్చేదాకా తట్టనేలేదు. మాతో వచ్చేయమని ఎంతో బతిమాలాను.

"ఎండుసేపల తట్ట ఎట్టుకుని మేడెక్కితే మీ ఇంటిగలాయన ఊరుకుంటాడేటి? తట్ట నేకుండా నానేటి సేస్తాను?" అంది.

బస్సు వేళకు వదిన మంచం కింద నుంచి ఒక ట్రంకుపెట్టె లాగింది. తన పెళ్లిచీర, భర్త ఫోటో, కూతురి చిన్నప్పటి గౌన్లు అందులో ఉన్నాయంది. "ఇల్లు కొనకపోతే పోనీ, ఈ పెట్టి మీ ఇంట్లో ఎట్టుకుంటారేటి?" అని అడిగింది. మా ఆయన దాన్ని భుజాన పెట్టుకుని బస్సుదాకా నడిచాడు. దారంతా ఆయన ఏడుస్తున్నాడని నాకు తెలుసు.

ఆ తర్వాత ఇల్లు చూడ్డానికి ఇంకెవరూ రాలేదు. మరుసటి వర్షాలకు వీధి అరుగు పోయింది. వదిన మంచం వెనక గదిలోకి మార్చుకుంది. ఇప్పటికీ టీవీలో తుఫాను అన్న మాట వినపడితే చాలు, ముందు ఫోన్ తీస్తాను. ఎలా ఉన్నావు వదినా అని నేను నోరు తెరిచేలోపే ఆవిడ అడుగుతుంది:

"పెట్టి తడవకుండా ఉన్నాదా, మరదలా?"