మాస్టారి మొదటి కప్పు

మాస్టారు గత శుక్రవారం పొద్దున పోయారు. ఫోన్ చేసింది మా కింది అంతస్తులో ఉండే నిజామాబాద్ తమ్ముడు, సైట్ సూపర్‌వైజర్. తెల్లవారుజామున గుండెనొప్పి వస్తే ఆయన్ని కారులో తీసుకెళ్ళింది అతనే. "అక్కా, సార్ పోయిండు. హాస్పిటల్‌లనే ఉన్నం. బావను జల్ది రమ్మను" అన్నాడు. స్టవ్ ఆపేసి మా ఆయన్ని లేపాను. ఏడుపు వెంటనే రాలేదు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. దోహాలో, అల్ హిలాల్‌లో మా పక్క ఫ్లాట్. అల్ రయ్యాన్ వైపు ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. ఏ నాయకుడు యుద్ధానికి ఎందుకు సరేనన్నాడు, ఎవరు సంధికి ఎందుకు ఒప్పుకున్నారు, ఆ పూట ఆ గదిలో ఎవరున్నారు, వాళ్ళకి ఏం తెలుసు, ఏం తెలియదు అన్నదే ఆయన చదువు. ఇంత చదివిన మనిషికి బెండకాయలు ఏరడం వచ్చేది కాదు. కూరల కొట్లో ఒక్కో కాయా పట్టుకుని ఆలోచిస్తుంటే ఆయన భార్య, మేమంతా పిన్నిగారు అని పిలిచే ఆవిడ, "ఈలోగా రెండు దేశాలు రాజీపడిపోతాయి, కానివ్వండి" అనేవారు.

రేపేమవుతుందని అడిగితే మాత్రం చెప్పేవారు కాదు. "నేను జాతకాలు చూసేవాణ్ణి కాదమ్మా" అనేవారు. టీవీలో వాళ్ళు ఎంచక్కా చెప్పేస్తుంటే ఈయనకేం వచ్చిందని మా ఆయన విసుక్కునేవాడు.

శుక్రవారం సాయంత్రాలు వాళ్ళింట్లో టీకి చేరేవాళ్ళం. టీ ఆయనే పోసేవారు. మొదటి కప్పు పెద్దవాళ్ళకో, కొత్తగా వచ్చినవాళ్ళకో కాదు, అప్పటిదాకా నోరు విప్పని మనిషికి. కప్పు చాపి, వదలకుండా, "మీరేమంటారు?" అనేవారు. ఏదో ఒకటి చెబితే గానీ అది చేతికి వచ్చేది కాదు. తన కప్పు అందరి తర్వాత పోసుకునేవారు. ఇదేం పద్ధతని ఒకసారి అడిగాను. "అనుమానం ఉన్నవాడు ఆ గదిలోనే ఉంటాడమ్మా. మాట్లాడడు. అంతా అయ్యాక పుస్తకం రాస్తాడు. ఆ పూట నోరు విప్పాలి గానీ తర్వాత రాసుకుని ఏం లాభం?" అన్నారు.

2025 ఎండాకాలంలో దోహా మీద క్షిపణులు కనిపించి, కిటికీలు అదిరి, విమానాలు ఆగిపోయిన సాయంత్రం ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోరు. విమానాలు మళ్ళీ మొదలవగానే మగవాళ్ళంతా మాస్టారి హాల్లో కూర్చుని, ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఇండియా పంపేయాలని తేల్చేశారు. మా ఆయన టికెట్లు వెతుకుతున్నాడు. నేను ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. అప్పుడు వెళితే ఉద్యోగం పోతుంది, మళ్ళీ దొరకదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. మాస్టారు కప్పు నా ముందుకు చాపారు.

"భయంగానే ఉంది. కానీ నేను వెళ్ళను" అన్నాను.

ఆయన శభాష్ అనలేదు. "ఇప్పుడు మీ ఇద్దరికీ ఒకరి మనసు ఒకరికి తెలిసింది. ఇక ఇంటికెళ్ళి తేల్చుకోండి" అన్నారు.

వెళ్ళలేదు. ఏమీ కాలేదు. చూశారా, నేనన్నదే నిజమైందని మురిసిపోతుంటే, "మంచి జరిగింది కదా అని మంచి నిర్ణయం అనుకోకు. అదృష్టం కూడా అచ్చం అలాగే ఉంటుంది" అని నవ్వారు. నాకు కొంచెం కోపం వచ్చింది. ఆ ఉద్యోగం ఇప్పటికీ చేస్తున్నాను. అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను, ఇంతకంటే పెద్ద మాటలు నాకు రావు.

ఆయన పోయిన రోజు సాయంత్రం మళ్ళీ అదే హాలు. మాస్టారి తమ్ముడు కాకినాడ నుంచి ఫోన్‌లో ఉన్నారు. శవపేటికతో కాకినాడకి మా ఆయన వెళ్ళేట్టు, పిన్నిగారు ఫ్లాట్ ఖాళీ చేసి, బ్యాంకు పనులు చూసుకుని, తర్వాత నిదానంగా వచ్చేట్టు మాట్లాడేసుకున్నారు. అంతా ఆవిడ మంచికే. అంటే దహనం ఆవిడ లేకుండానే. పిన్నిగారు సోఫా చివర కూర్చుని తివాచీ వైపు చూస్తున్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. మొదటి కప్పు తెచ్చి ఆవిడ ముందు చాపాను. వదల్లేదు.

"పిన్నిగారూ, మీరేమంటారు?"

ఆవిడ తలెత్తి కప్పు పట్టుకున్నారు.

"నేను ఆయనతోనే వెళ్తాను" అన్నారు. "ఇల్లు ఎక్కడికీ పోదు."

ఫోన్‌లో మాస్టారి తమ్ముడు "అలాగే వదినా" అన్నారు. నిజామాబాద్ తమ్ముడు లేచి, "పేపర్లు నేను ఆఫీసులు తిరిగి చేపిస్త పిన్నమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. అప్పుడు కప్పు వదిలాను.

మిగిలినవాళ్ళకి ఒక్కొక్కరికీ పోసుకుంటూ వచ్చి చివర్లో నాకు పోసుకున్నాను. అప్పటికి టీ చల్లారిపోయింది. ఇన్నేళ్ళూ ప్రతి శుక్రవారం ఆయన తాగింది ఇదే. ఆ సంగతి ఒక్కసారైనా అనలేదు.