ఓడినవాళ్ళ కొండలరావు గారు

గెలిచినవాణ్ణి కొండలరావు గారు జన్మలో క్షమించలేదు. క్రికెటర్ కానీయండి, మంత్రి కానీయండి, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి కానీయండి, గెలిచాడని తెలిసిన మరుక్షణం ఆయనకు ఆ మనిషిలో లోపాలు కనబడతాయి. అదే మనిషి ఓడిపోతే ఆ లోపాలన్నీ సుగుణాలైపోతాయి. తార్నాకలో ఆయన్ని ఎరిగినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అందరికంటే బాగా తెలిసినవాడు కమలాకర్. తెలిసి తెలిసి తప్పులో కాలేసినవాడూ అతనే.

కొండలరావు గారిది కాకినాడ వైపు. ఇక్కడి పరిశోధన సంస్థలో ఉద్యోగం చేసి రిటైరై, తార్నాకలోనే ఫ్లాటు కొనుక్కున్నారు. కమలాకర్‌ది సిద్దిపేట దగ్గర వ్యవసాయ కుటుంబం, బీమా ఆఫీసులో కొలువు, అడిక్‌మెట్‌లో ఇల్లు. పొద్దున్నే యూనివర్సిటీ చెట్ల కింద నడవడం, ఆపైన మల్లన్న చాయ్ బండి పక్కన రాతి బెంచీ మీద కూర్చుని దేశాన్ని చక్కదిద్దడం వాళ్ళ దినచర్య. నడిచేది తక్కువ, చక్కదిద్దేది ఎక్కువ.

ఎన్నికల లెక్కింపు రోజున ఆయన పక్కన కూర్చోవడానికి గుండె ధైర్యం కావాలి. పొద్దున ఒక పార్టీ వెనకబడితే, "పాపం, పనులు బాగానే చేశారండీ, చెప్పుకోవడం చేతకాలేదు" అంటారు. మధ్యాహ్నానికి అదే పార్టీ ముందుకొస్తే, "వీళ్ళ పొగరు చూశారా, అప్పుడే బాణాసంచా" అని అవతలి పక్షానికి వెళ్ళిపోతారు. ఆయన్ని ఫిరాయింపుదారు అనడానికి కూడా వీల్లేదు. ఫిరాయించేవాళ్ళు గెలిచేవైపు పోతారు. ఈయన వాళ్ళకి దారిలో ఎదురొస్తారు.

క్రికెట్ అయితే మరీ ఘోరం. మన జట్టు గెలవబోతుంటే అవతలి బౌలర్ మీద ఆయనకి జాలి పుట్టుకొస్తుంది. వాడి తల్లి టీవీ ముందు ఎలా ఉందో పాపం అంటారు. అందుకని చివరి ఓవర్లలో కమలాకర్ ఆయన్ని ఏదో ఒక వంకతో మిర్చి బజ్జీలకు పంపేవాడు. ఆయన వచ్చేసరికి మ్యాచ్ అయిపోయేది. బజ్జీలు చల్లారిపోయినా కమలాకర్ ఇంట్లో ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

ఆయన భార్య వెంకటరమణమ్మ గారికి ఇవన్నీ అలవాటే. "నాకు అంతకుముందు రెండు సంబంధాలు తప్పిపోయాయని పెళ్ళిచూపుల్లో మా నాన్న నోరుజారాడు బాబూ. అంతే, కట్నం మాటైనా ఎత్తకుండా ఈయన ఒప్పేసుకున్నారు" అని ఆవిడ నవ్వుతూ చెబుతుంది. మొదటిసారి విన్నప్పుడు కమలాకర్ కూడా నవ్వాడు. నవ్వవలసిన మాటలో ఇంకేదో ఉందని అతనికి తట్టలేదు.

అసలు వాళ్ళ పరిచయమే విచిత్రంగా జరిగింది. చాలా ఏళ్ళ కిందట కమలాకర్ ఆఫీసు యూనియన్ ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు. మర్నాడు నడకకు వస్తే, రోజూ కలిసి నడిచే కొలీగులందరికీ ఆవేళ కాళ్ళల్లో కొత్త బలం వచ్చింది. పలకరించే తీరిక లేకుండా దూసుకుపోయారు. అతను బెంచీ మీద ఒంటరిగా కూలబడ్డాడు. అప్పుడు ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషి వచ్చి పక్కన కూర్చుని, "నిన్న సున్నాకి ఔటైన ఆ కుర్రాణ్ణి అందరూ అన్యాయంగా తిడుతున్నారండీ" అని మొదలుపెట్టి, రెండు చాయ్‌లూ చల్లారేదాకా ఆపలేదు. ఎవరో క్రికెట్ పిచ్చాయన దొరికాడనుకున్నాడు కమలాకర్. మర్నాడు ఆ పిచ్చి కోసమే మళ్ళీ వచ్చాడు.

ఆ బెంచీ మీద కమలాకర్‌కీ కొన్ని గట్టి అభిప్రాయాలుండేవి. ఔటైనవాడు అంపైర్ వైపు చూడకుండా నడవాలి. గెలిచిన నాయకుడు తన మొహం తనే ఫ్లెక్సీ వేయించుకుంటే సిగ్గుమాలినతనం. సభకు ఆలస్యంగా వచ్చేవాణ్ణి ఇంటికి పంపించాలి. ఇవన్నీ అతను నమ్మే చెప్పేవాడు. తన దాకా రాలేదు కాబట్టి నమ్మడం తేలికయ్యింది.

కార్తీకంలో వాకర్స్ సంఘానికి అధ్యక్షుడి ఎన్నిక వచ్చింది. నడిచేవాళ్ళ సంఘం కాబట్టి ఓటు కూడా నడిచే వెయ్యాలని అక్కడి ఆచారం. చీటీలూ పెట్టెలూ ఉండవు. ఒక అభ్యర్థి వేపచెట్టు కింద, ఇంకొకరు లైటు స్తంభం దగ్గర నిలబడతారు. ఎవరు ఎటు నడిస్తే అటు ఓటు. కమలాకర్ వేపచెట్టు తీసుకున్నాడు. పోటీ లేకపోతే బాగుండదని మాణికేశ్వర్ నగర్ చంద్రయ్యను బతిమాలి స్తంభం దగ్గర నిలబెట్టారు. రిటైరైన బస్సు డ్రైవరు, మెత్తని మనిషి.

ఈల వేయగానే అందరూ వేపచెట్టు వైపే నడిచారు. చంద్రయ్య, జీవితమంతా బస్సు నడిపిన మనిషి, బస్సు తప్పిపోయిన ప్రయాణికుడిలా స్తంభాన్ని ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. కొండలరావు గారు కూడా జనంతో పాటు సగం దూరం వచ్చారు. కమలాకర్ చెయ్యి చాచాడు. ఆయన ఒక్కసారి వెనక్కి చూసి, మంకీ క్యాప్ సర్దుకుని, గిరుక్కున తిరిగి స్తంభం దిక్కు నడిచిపోయారు. ఆ ఒక్క మనిషి నడకను అందరూ చూశారు.

కమలాకర్ గెలిచాడు. కానీ గెలిచినట్టు లేదు. మర్నాడు బెంచీ దగ్గర నిలబడే అడిగాడు.

"గిన్నేండ్ల దోస్తానా సార్. ఒక్క పూట నా దిక్కు నడిస్తే ఏం పోయేది?"

"మీవైపు నడవడానికి అంతమంది ఉన్నారు కదండీ" అన్నారాయన.

ఆయన ఉన్నమాటే చెప్పారు. కమలాకర్‌కు అది వెక్కిరింపుగా వినపడింది. ఆరోజు నుంచి మాటలు బంద్. అతను దారి మార్చి గ్రౌండు అవతలి వైపు నడవడం మొదలుపెట్టాడు.

పదవి చిన్నదైతే పొగరు కూడా చిన్నదే ఉంటుందనుకునేవాళ్ళు వాకర్స్ సంఘాన్ని చూడలేదు. వారం తిరక్కుండా వేపచెట్టుకు ఫ్లెక్సీ వెలిసింది. అందులో చేతులు జోడించి కమలాకర్. మీటింగులకు అందరూ వచ్చాక రావడం అలవాటైంది. చుట్టూ కొత్త మిత్రులు చేరారు, అతనేమంటే దానికి తల ఊపేవాళ్ళు. ఎదురు చెప్పేవాడు లేని మాటకు రుచి ఉండదని అతనికి లోలోపల తెలుస్తూనే ఉంది. మన జట్టు సిరీస్ గెలిచిన రోజున ఇంట్లో బజ్జీలు వేడివేడిగా తిన్నారు. అతనికి సహించలేదు.

ఆ మధ్యే కొండలరావు గారికి కంటి ఆపరేషన్ అయిందని మల్లన్న చెప్పాడు. కమలాకర్ చెప్పులేసుకుని గుమ్మం దాకా వచ్చి, ఆయనే కబురు పెట్టొచ్చు కదా అని పంతంతో ఆగిపోయాడు. ఆయన జీవితంలో ఎవరు ఓడినా వెళ్ళి పక్కన కూర్చున్న మనిషి. ఆ మనిషి కంటికి కట్టు కట్టుకుని ఇంట్లో కూర్చుంటే, నాలుగు వీధుల అవతల ఉండి తను వెళ్ళలేదు. ఈ ఒక్కటీ తలుచుకుంటే కమలాకర్‌కు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఉగాది వెళ్ళాక, ఏటా జరిగేట్టే, వాకర్స్‌కీ హాస్టల్ కుర్రాళ్ళకీ క్రికెట్ పోటీ పెట్టారు. అధ్యక్షుల వారే ముందు బ్యాటింగ్. చంద్రయ్య అంపైర్. కాసేపటికే బంతి కమలాకర్ గ్లవ్‌కు రాసుకుని వికెట్ కీపర్ చేతుల్లో పడింది. చంద్రయ్య మొహమాటపడుతూనే వేలెత్తాడు. కమలాకర్ కదల్లేదు.

"తగల్లేదు. నేను పోను" అన్నాడు. చంద్రయ్య వేలు దించకపోయేసరికి నోరు జారింది. "ఎలక్షన్ల ఓడిపోయిన కసి గిట్ల తీర్చుకుంటున్నవా?"

చంద్రయ్య మెడలోని ఈల తీసి వికెట్ల దగ్గర పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆట అక్కడితో ఆగిపోయింది. తల ఊపే మిత్రులకు మెడలు పట్టేసినట్టున్నాయి, ఒక్కడూ అతని వైపు తిరగలేదు.

మర్నాడు ఫ్లెక్సీ కనబడలేదు. ఎవరు తీశారో ఎవరూ అడగలేదు. కమలాకర్ పాత బెంచీ మీద కూర్చున్నాడు. ముందు నుంచి పోయేవాళ్ళ కాళ్ళల్లో మళ్ళీ ఆ కొత్త బలం కనిపించింది. చాయ్ కూడా అడగబుద్ధి కాలేదు. అంతలో నల్ల కళ్ళద్దాలతో, మంకీ క్యాప్‌తో, దారి చూసుకుంటూ ఒక మనిషి వచ్చి పక్కన కూర్చున్నారు.

"నిన్న ఔటై గ్రౌండులో నిలబడిపోయిన కుర్రాణ్ణి అందరూ తిడుతున్నారండీ" అన్నారు కొండలరావు గారు.

"తిట్టాలె సార్. గ్లవ్‌కు తగిలింది."

"తగిలిందని నాకూ తెలుసండీ, దూరం నుంచి చూశాను. కొత్త కన్ను బాగానే పనిచేస్తోంది. తగల్లేదని నేనెప్పుడన్నాను?"

కంటి ఆపరేషన్‌కు రాలేదని, తప్పయిందని కమలాకర్ చెప్పబోయాడు. ఆయన వినిపించుకోకుండా మల్లన్నకు రెండు చాయ్‌లు చెప్పారు. ఉన్నట్టుండి కమలాకర్‌కు పాత ఉదయం గుర్తొచ్చింది.

"ఆ దినం నేను ఓడిపోయిన్నని మీకెట్ల తెలిసె సార్? మనకు పరిచయం గూడ లేకుండె."

"మల్లన్న చెప్పాడు, ఒకాయన చాయ్ తాగకుండా కూర్చున్నాడని. ఏం మాట్లాడాలో తోచక పేపరు తిరగేస్తే ఆ సున్నా కుర్రాడు కనబడ్డాడు. నిజానికి అప్పటిదాకా నేను క్రికెట్ చూసేవాణ్ణి కాదండీ. మీరు మర్నాడు కూడా వచ్చేసరికి నేర్చుకోక తప్పలేదు."

చాయ్ చల్లారకముందే కమలాకర్ లేచాడు. మాణికేశ్వర్ నగర్ దాకా ఇద్దరూ నడిచారు. చంద్రయ్య గుమ్మంలో నిలబడి, "అన్నా, నేను ఔటే. నోరు జారిన, తప్పయింది" అన్నాడు కమలాకర్. అతని నోట అంత పొట్టి ఉపన్యాసం తార్నాకలో ఎవరూ వినలేదు. చంద్రయ్య లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. పోయిన ఆర్నెల్ల ఉదయాలు మాత్రం తిరిగి రావు కదా అని కమలాకర్ తిరుగుదారిలో అన్నాడు. కొండలరావు గారు అవునన్నారు, ఆ మాటకు మాత్రం ఎదురు చెప్పలేదు.

కమలాకర్ రాజీనామా చేశాడు. మళ్ళీ ఎన్నిక పెడితే వేపచెట్టు కింద చంద్రయ్య ఒక్కడే నిలబడ్డాడు. పోటీ లేదు. ఈల వేయగానే అందరూ అతని వైపు నడిచారు. కొండలరావు గారు ఒకసారి అటు చూసి, ఒకసారి ఇటు చూసి, ఎవరూ లేని లైటు స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. సగం దూరం పోయిన కమలాకర్ వెనక్కి తిరిగి ఆయన పక్కకు చేరాడు.

"గీడ ఎవ్వరు నిలబడలేదు గద సార్?"

"అందుకేనండీ."

వేపచెట్టు కింద నుంచి చంద్రయ్య నవ్వుతూ కేకేశాడు. "మీరిద్దరు గాడనే ఉండుండ్రి సార్. నాకు తలకెక్కితే చెప్పేటోళ్ళు గావాలె గద."

కొండలరావు గారు మొహం చిట్లించారు. "చూశారా, గెలిచి ఇంకా ఒక చాయ్ కూడా తాగలేదు, అప్పుడే మనకి ఆజ్ఞలిస్తున్నాడు."

"అవును సార్, జర ఎక్కువనే చేస్తుండు" అని కమలాకర్ ఆయనకి దగ్గరగా జరిగాడు.