వింజమూరు దాకా

తొంభైలలో, మా పెద్దవాడు చంకబిడ్డగా ఉన్నప్పుడు, నా ఎడమ భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. చెయ్యి పడిపోతుందేమో, ఇక బిడ్డను ఎత్తుకోలేనేమో అని ప్రార్థనలో ఏడ్చేదాన్ని. అలాంటి రోజుల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం బిడ్డను ఎడమ చంకలో వేసుకుని ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కాను.

పక్క సీట్లో అవ్వ ఒకామె నన్ను కాసేపు చూసింది.

"ఏంది పాపా, ఎప్పుడూ ఆ పక్కనేనా ఎత్తుకునేది?"

"కుడిచేత్తో పని చేసుకోవాల గదవ్వా."

"ఆ కుడి చంక ఎవురికి దాచిపెట్టినావు? మార్చి మార్చి ఎత్తుకో. రాత్రికి వేణ్ణీళ్ల గుడ్డతో కాపడం పెట్టుకో. బిడ్డనిట్టా తే, కాసేపు నిద్దరపో."

ఇచ్చేశాను. ఇంజను మోత జోలపాటలా ఉంది. కిటికీ అవతల ఎండిన చేలు, తాటిచెట్లు ఎండలో కరిగిపోతూ వెనక్కి పోతున్నాయి. నా తల ఆమె భుజం మీదికి ఎప్పుడు వాలిందో తెలియదు. ఆ నిద్రలో నాకు బరువే లేదు.

వింజమూరులో మెల్లగా తట్టి లేపింది. బిడ్డను నా కుడి చంకలో పెట్టి దిగిపోయింది. పేరు అడిగేలోపే బస్సు కదిలింది. కిటికీలోంచి వెనక్కి చూశాను. ఆమె రోడ్డు పక్కన నిలబడి, నేను తల ఆనించిన భుజాన్ని రెండో చేత్తో పిసుక్కుంటోంది.

నా నొప్పి కొన్నాళ్లకు తగ్గింది. ఇప్పటికీ పడుకునే ముందు ఇంట్లోవాళ్ల పేర్లన్నీ ప్రభువుకు చెప్పుకున్నాక, పేరు తెలియని ఆ భుజాన్ని కూడా ఆయనకు అప్పగించి కళ్లు మూసుకుంటాను.