విమానానికి మెట్లు తోసేవాడు

మా నూజివీడు హాల్లో సినిమా చూసేవాళ్లకు విమానాల సంగతి అక్కర్లేదు. ఆ రోజుల్లో హీరో ఏ సీమలోనో చదువుకుని వచ్చేవాడు. తెర మీద ఒక విమానం ఎగిరేది, ఒక విమానం నేల మీద దిగేది, ఆయన మరో విమానంలోంచి చెయ్యూపుతూ బయటికొచ్చేవాడు. ఎగిరినదానికి మూడు తోకలు. దిగినదానికి రెండే ఇంజన్లు. ఆయన బయటికొచ్చినదానికి నాలుగు ఇంజన్లు, కోడిగుడ్డు ఆకారంలో పెద్ద పెద్ద కిటికీలు. దారిలో మూడు బళ్లు మారినట్టున్నాడు ఈయన అని ఆడవాళ్ల బెంచీ మీద కూర్చుని నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఒకసారి పక్కనామెకు చెప్పబోతే, "సినిమా చూడనివ్వండి పంతులమ్మగారూ" అని విసుక్కుంది. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

రెండింజన్ల డకోటా మాకందరికీ తెలిసిందే. గన్నవరం వెళ్తూ మా తోటల మీదుగా పోయేది. కోడిగుడ్డు కిటికీలదాని పేరు వైకౌంట్ అని ఒక వారపత్రికలో బొమ్మ చూసి తెలుసుకున్నాను. ఈ చదువంతా సరదా కోసం కాదు. మా అన్నయ్య కోసం.

మా నాన్న రెడ్డిగూడెం వైపు ఒక పెద్ద మామిడితోటకు కావలి. మా చర్చిలో సంఘపెద్ద కూడా. సినిమా హాలంటే సాతాను ఇల్లని ఆయన నమ్మకం. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. పిందె పడిన దగ్గర్నుంచి చివరి కాయ లారీ ఎక్కేదాకా నాన్న తోట దాటి వచ్చేవాడు కాదు. ఒక్క ఆదివారం ఆరాధనకు మాత్రం అన్నయ్యను పాకలో కూర్చోబెట్టి వచ్చేవాడు.

అన్నయ్యకు సినిమా పిచ్చి. ఒక వేసవిలో నాన్న కునుకు తీస్తుంటే కావలి వదిలేసి సినిమాకు పోయాడు. వచ్చేసరికి పెద్దరసాల చెట్లు రెండు దొంగలు దులుపుకుపోయారు. తెల్లారి తోట యజమాని ముందే నాన్న అన్నయ్యను కొట్టాడు. యజమాని "చాల్లేవయ్యా" అన్నా ఆగలేదు. మీసాలొచ్చిన కొడుకుని నలుగురిలో అలా కొట్టకూడదు. అన్నయ్య ఏడవలేదు. ఆ సాయంత్రం మామిడికాయల లారీ ఎక్కి మద్రాసు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నాన్న వాడి ఊసే ఎత్తలేదు. ప్రార్థనలో అందరి పేర్లూ వచ్చేవి, వాడి దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు ఆగేది, మళ్లీ ఇంకో పేరుతో మొదలయ్యేది. నేను ట్రైనింగయ్యి నూజివీడులో మిషన్ బళ్లో చేరాను. బడి వెనకాల ఒక గది అద్దెకు తీసుకున్నాను. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక నాతో మాట్లాడే ప్రాణి ఉండేది కాదు. వండుకున్న అన్నం ఒక్కదాన్నీ తినలేక నీళ్లు పోసి ఉంచిన రోజులు చాలా ఉన్నాయి.

ఒక సీజన్‌లో మద్రాసు లారీ డ్రైవరు బడి దగ్గర కనిపించి చెప్పాడు. "మీ అన్నయ్య మీనంబాకంలో ఉన్నాడమ్మా. విమానాలకి మెట్లు తోస్తన్నాడు. ఇంటికాడ చెప్పొద్దన్నాడు. మనసొప్పక చెప్తన్నా."

కార్డు రాస్తే జవాబు లేదు. చెప్పొద్దన్న మనిషి దగ్గరికి ఒంటరిగా మద్రాసు వెళ్లే ధైర్యం నాకు లేదు. సినిమాలు తీసేది మద్రాసులోనే కదా, విమానం సీనంటే అక్కడే తీస్తారు కదా అని తోచింది. అలా మొదలయ్యింది. చెంగు నిండా కప్పుకుని, బడివాళ్ల కంట పడకుండా, విమానం ఉందని విన్న సినిమాకల్లా వెళ్లేదాన్ని. మూడు తోకలది వస్తే అది ఏ ఇంగ్లీషు సినిమాలోంచో తెచ్చి అతికించిన ముక్క, అందులో మావాడు ఉండడు. వైకౌంట్ వచ్చి నిలబడితే మాత్రం ఊపిరి బిగబట్టేదాన్ని. దాని తలుపు ఎత్తులో ఉంటుంది. చక్రాల మెట్లు ఎవరో ఒకరు తోసుకురావాలి.

చాలా సినిమాల్లో తోసేవాళ్లు కనపడరు. మెట్లు ముందే వేసి ఉంటాయి. ఒకవేళ కనపడినా ఎవరో సన్నటి అరవాయన, అంతే. అయినా వెళ్లడం మానలేదు. మానితే సాయంత్రాలు ఏం చేసుకోను?

ఒక మే నెలలో కనిపించాడు. హీరోయిన్ దండ పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆమె వెనకనుంచి ఒక మనిషి మెట్ల బండికి భుజం ఆనించి తోసుకుంటూ పోయాడు. ఎడమ భుజం కిందికి వాలి ఉంది. చిన్నప్పుడు చెట్టు మీంచి పడితే మా అన్నయ్యకు ఆ భుజం అలాగే వంకరగా అతుక్కుంది. మెట్లు తలుపుకు చేర్చి, చెమట తుడుచుకుని, విమానం రెక్క నీడలోకి తప్పుకున్నాడు. అంతే. హీరో దిగాడు. హాలంతా ఈలలు. నేను చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

శనివారంతో ఆట మారిపోతుంది. బడికి వేసవి సెలవులు, మర్నాడే బస్సు పట్టుకుని తోటకు వెళ్లి నాన్నకు చెప్పాను. రసాల కోత జోరుగా ఉంది. పాక చుట్టూ గంపలు, వరిగడ్డి. ఆయన గంపలో గడ్డి పరుస్తూనే ఉన్నాడు. కోపం వచ్చి లేచాను.

"నాన్నా, నువ్వు వాణ్ని చూడాలంటే ఇదొక్కటే దారి. శనివారం దాటితే అదీ లేదు."

"తోటెవరు చూస్తారు?" అన్నాడు తలెత్తకుండా.

ఏ తప్పుకు కొడుకుని కొట్టాడో ఆ తప్పే తనను చెయ్యమంటున్నానని నాకప్పుడు తట్టింది. వెనక్కి బస్సెక్కేశాను.

శనివారం మ్యాట్నీకి హాలు ముందు నిలబడి ఉన్నాను. రాడనే అనుకున్నాను. వచ్చాడు. పక్కతోట కావలివాణ్ని బతిమాలి కూర్చోబెట్టి వచ్చాడట. ఇస్త్రీ లేని తెల్లచొక్కా, ఆరాధనకు వేసుకునేది. తలుపు దగ్గర తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ రోజు ఆడవాళ్ల బెంచీ వదిలి, కుర్చీ టిక్కెట్లు కొని ఆయన పక్కనే కూర్చున్నాను. దీపాలు ఆరిపోగానే లేచి నిలబడి తల వంచాడు. వెనకవాళ్లు "కూచో పెద్దాయనా" అని అరిచారు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

విమానం వచ్చింది. "అదిగో నాన్నా, ఆమె వెనకాల" అన్నాను. నాన్న ముందుకు వంగాడు. అన్నయ్య తోశాడు, తుడుచుకున్నాడు, నీడలోకి పోయాడు.

లేచి వెళ్దామన్నా కదల్లేదు. ఇంకెక్కడైనా కనపడతాడేమోనని పాటలన్నీ, ఫైటింగులన్నీ, చివరి పెళ్లి దాకా కళ్లార్పకుండా చూశాడు. బయటికొచ్చాక బస్సు కోసం నిలబడి ఉండగా అన్నాడు.

"కాళ్లకేం లేవమ్మా వాడికి. ఆ సిమెంటు మీద కాళ్లు మార్చి మార్చి పెడతన్నాడు. చూశావా?"

నేను చూడలేదు. ఇంజన్లు చూశాను, కిటికీలు చూశాను, భుజం చూశాను. ఆ నేల ఎంత కాలుతుందో నాకు తోచనే లేదు.

వారం తిరక్కుండా నాన్న జోళ్లు కుట్టించాడు. వాడిదీ తనదీ ఒకటే పాదమని తన కొలతే ఇచ్చాడు. ఆ ఏటి ఆఖరి మద్రాసు లారీలో డ్రైవరు చేతికిచ్చి, "నేనిచ్చానని చెప్పబాక. చెల్లెలిచ్చిందని చెప్పు" అన్నాడు. మరుసటి సీజన్‌కు లారీ వచ్చింది గానీ డ్రైవరు మారిపోయాడు. కొత్తాయనకు ఏమీ తెలియదు.

నాన్న మళ్లీ సినిమాకు రాలేదు. నేను శనివారాలు తోటకు వెళ్తే, ఏదైనా విమానం సినిమా ఆడుతుంటే మాత్రం, "ఉన్నాడా?" అని అడిగేవాడు. "లేడు నాన్నా" అనేదాన్ని. తలూపి తన పని చూసుకునేవాడు. పోనుపోనూ సినిమాల్లో పెద్ద జెట్ విమానాలు వచ్చాయి. మెట్లు మోటారు బండి మీద వాటంతటవే వచ్చి ఆగేవి. తోసే మనిషితో పని లేకుండా పోయింది. అలాంటి సినిమా ఒకటి చూసి వెళ్లిన శనివారం నాన్నకు జ్వరంగా ఉంది. పాకలో గోనెపట్టా మీద పడుకుని ఉన్నాడు.

"ఉన్నాడా?" అన్నాడు.

"ఉన్నాడు నాన్నా. కాళ్లకి జోళ్లున్నాయి."

కాసేపు నా మొహంలోకి చూశాడు.

"బిగువు లేవుగా?"

"లేవు నాన్నా. సరిపోయాయి."