చవకైన చాయ్‌ని ఎందుకు పారబోశారు

అమెరికా వాళ్ళు ఇంగ్లండు రాజు మీద ఎందుకు తిరగబడ్డారో మా ఇంట్లో ముందుగా అర్థమైంది మా అవ్వకు, అంటే అమ్మకు. పాఠం చదువుకున్నది నేను. పాఠం మొత్తం నోటికి వచ్చినా తలకెక్కనిది కూడా నాకే.

అప్పుడు నేను కరీంనగర్‌లో ఆడపిల్లల బడిలో ఎనిమిదో తరగతి. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడింది. చరిత్ర చెప్పడానికి గుంటూరు వైపు నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. ఆమె మాట వింటే మాకు నవ్వు, మా మాట వింటే ఆమెకు నవ్వు. కానీ ఆమె పాఠం మొదలుపెడితే నవ్వులన్నీ ఆగిపోయేవి. ఇప్పటికీ ఆమెను తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

ఒకరోజు అమెరికా తిరుగుబాటుకు కారణాలు చెప్పింది. సముద్రానికి అవతల కూర్చున్న రాజు, అమెరికాలో ఉన్న తన ప్రజల మీద పన్ను తర్వాత పన్ను వేశాడట. వాళ్ళు గొడవ చేస్తే కొన్ని తీసేసి, చాయ్ మీద మాత్రం కొంచెం పన్ను ఉంచాడట. ఆ తర్వాత ఇంగ్లండు కంపెనీ చాయ్‌ని మునుపటికన్నా చవగ్గా ఓడల్లో పంపించారట. బోస్టన్ రేవులో జనం ఆ ఓడలెక్కి చాయ్ పెట్టెలన్నీ సముద్రంలో పారబోశారట.

"చవగ్గా వచ్చిన టీని ఎందుకు పారబోశారర్రా? పుస్తకంలో వాక్యం నాకు చెప్పొద్దు. మీ మాటల్లో చెప్పండి," అంది.

"ప్రాతినిధ్యం లేని పన్ను," అని నేను గట్టిగా అప్పజెప్పాను. "ప్రాతినిధ్యమంటే ఏమిటో చెప్పు," అంది. ఆ మాటే మళ్ళీ అప్పజెప్పాను.

పైకి చదవనిది చదువే కాదని మా బాపు, అంటే నాన్న, నమ్మేవాడు. అందుకని ఇంటికొచ్చి వంటింట్లో అవ్వ పక్కన కూర్చుని ఆ పాఠం బిగ్గరగా చదివాను. బీరకాయ చెక్కుతున్న అవ్వ చెయ్యి ఆగింది.

"చాయ్ సముద్రంల పోసిండ్రా? పాలు, చక్కెర ఏసినంకనా?"

"కాదవ్వా! ఉత్త చాయ్‌పత్తి, ఎండిన ఆకు."

"పత్తయితే మాత్రం పోస్తరా? గన్ని పెట్టెలు! వద్దని చెప్పేతందుకు ఇంట్ల ఆడోళ్ళు లేరా వాళ్ళకు?"

మా ఇంట్లో చాయ్ అప్పటికింకా పెద్దమనిషి. డబ్బాలో, పై అరలో ఉండేది. బాపుకు, వచ్చిపోయే చుట్టాలకు మాత్రమే కిందికి దిగేది. అందుకే అవ్వకు ఆ పాఠం మింగుడు పడలేదు. అన్నం వడ్డిస్తూ, బియ్యం ఏరుతూ మళ్ళీ మళ్ళీ అడిగేది. "చవకనే వచ్చె గద, ఇగ వాళ్ళ బాధేంది?" అనేది. నేను పుస్తకంలో ఉన్న వాక్యమే మళ్ళీ చదివి వినిపించేదాన్ని.

ఆ రోజుల్లోనే బాపు ఆసిఫాబాద్‌లో ఉన్న మా అత్త ఇంటికి వెళ్ళి వచ్చాడు. అత్త బాపుకు పెద్దక్క. తల్లి పోయాక బాపును సాకింది ఆమే. వస్తూనే బాపు ముఖం వెలిగిపోతోంది.

"బిడ్డను అక్క కొడుక్కు ఇచ్చుడు ఖాయం జేసుకొచ్చిన. కట్నం లేదు, కానుక లేదు. పెండ్లి ఖర్చు గూడ వాళ్ళదే. పిల్లగానికి జంగ్లాత్‌ల నౌకరి. మనకు ఇగ ఏ ఫికర్ లేదు. ఎండకాలం పెండ్లి. బడి బంద్."

నేను చేతిలోని పుస్తకం మూసేశాను. అడవి శాఖలో పనిచేసే ఆ బావ మంచివాడే. అదే నాకు ఇంకా కష్టమైంది, ఏమని వద్దనను?

"మంచి సంబంధమే," అంది అవ్వ. బాపు తృప్తిగా తలూపాడు. "గని నన్ను అడుగలే," అంది.

"అడిగేదేముంది? ఇందుల ఏం తక్కువున్నది?"

"ఏం తక్కువ లేదు. వాళ్ళకు చాయ్ గూడ చవకనే వచ్చింది. అయినా పారబోసిండ్రు."

బాపు బిత్తరపోయి నా వైపు తిరిగాడు. "ఏమంటుంది మీ అవ్వ?"

పాఠమంతా చెప్పాను. ప్రాతినిధ్యమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఉర్దూలో చదువుకున్న బాపు, "గట్లయితే గిది బగావత్," అని తిరుగుబాటుకు తనకొచ్చిన మాట గొణిగి, టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

బాపు చెయ్యెత్తే మనిషి కాడు. హుకుం చెప్పే మనిషి. ఏ కూర వండాలన్నది కూడా ఆయన హుకుమే. కొన్నాళ్ళు అవ్వ ఎప్పటిలాగే వండింది, వడ్డించింది, నోరు మాత్రం తెరవలేదు. ఒకరోజు పొద్దున బాపు వచ్చి, ఎన్నడూ కూర్చోని వంటింటి గడప దగ్గర కూర్చున్నాడు.

"ఇగో, ఇప్పుడు అడుగుతున్న. ఏమంటవు?"

"ముందుగాల దాన్ని అడుగుండ్రి."

"బిడ్డా, నీకు ఏం జెయ్యాల్నని ఉన్నది?"

అలవాటు కొద్దీ నేను అవ్వ వైపు చూశాను. అవ్వ చేటలోంచి తల ఎత్తలేదు.

"నన్నేం జూస్తవు? నిన్నే అడుగుతుండు. చెప్పు."

"పదో తరగతి దాక చదువుకుంట బాపూ."

"అటెంక?"

"అటెంక మళ్ళ అడుగు."

బాపు కోపం తెచ్చుకోబోయి నవ్వేశాడు. ఇంగ్లండు రాజుకు చేతకాని పని మా బాపుకు చేతనైంది. తర్వాత నేను చదివిన ప్రతి తరగతీ ఆ గడప దగ్గర ఆయన వేసిన ప్రశ్న వల్లనే. అవ్వకు, బాపుకు ఎంత మొక్కినా నాకు తనివి తీరదు.

కానీ ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలి, అదీ సాకిన అక్క దగ్గర. బాపు నన్ను వెంటబెట్టుకుని పెద్దపల్లిలో రైలెక్కాడు. దారంతా పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఇకమీదట ఆ ఇంటి గడప తొక్కే రాత మాకు ఉండదేమోనని నాకు ఒకటే భయం.

అత్త వాకిట్లోనే ఎదురొచ్చింది. బాపు చేతులు జోడించాడు.

"అక్కా, మాట తప్పుతున్న. ఇంట్ల ఎవలనీ అడుగక నీకు మాట ఇచ్చిన. బిడ్డ చదువుకుంటనంటుంది."

అత్త నా వైపు చూసింది. నేను బాపు వెనక్కి జరిగాను.

"దాన్ని అడిగినవా?" అంది అత్త.

"అడిగిన."

"మంచి పని జేసినవు తమ్మీ." నా తల మీద చెయ్యి పెట్టింది. "నన్ను గీ ఊరికి ఇచ్చినప్పుడు ఎవలూ అడుగలే. కాళ్ళు కడుక్కోండ్రి, అన్నం పెడుత."

లోపలికి వెళ్ళి కంచాలు పెట్టింది. బాపు కాళ్ళు కడుక్కోలేదు. ఆమె వెనకాలే వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నిన్ను ఇచ్చినప్పుడు నేను చిన్న పోరన్ని అక్కా," అన్నాడు.

"నాకెరుక తమ్మీ," అంది అత్త. "కూసో."