సీతమ్మ చీరకు సుంకం

మా అత్తకు తెలిసిన పన్ను భూమిశిస్తు ఒక్కటే. వాన కురిసినా ఎగ్గొట్టినా, శిస్తు కోసం కరణం మా గడప తొక్కే అవసరం ఏనాడూ రాలేదని పదిమందిలో చెప్పుకునేది. కోయిలకుంట్ల పక్క పల్లె మాది. అంతటి మనిషికి సుంకం అనే మాట మొదటిసారి కొలంబోలో వినబడింది.

యాభైలలో వరసగా వానలు మొండికేసినప్పుడు మా ఆయన కొలంబోలో ఒక పసుపు వ్యాపారి దగ్గర పని దొరుకుతుందేమోనని పోయాడు. పని కుదిరితే, కొడుకు సంపాదించే ఊళ్లోనే చీర కొని ఒంటిమిట్ట సీతమ్మకు కట్టిస్తానని అత్త మొక్కుకుంది. కుదిరింది. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కాదు మా అత్త. మరుసటి ఏడు నన్ను వెంటబెట్టుకుని కొలంబో పోయింది. తిరుగు ప్రయాణానికి ముందు అమ్మవారికి ఎర్రని చైనా పట్టుచీర, నాకు నీలంది కొన్నారు. తనకేమీ వద్దంది. కొడుకు ఊరుకోక, మద్రాసులో నచ్చింది కొనుక్కోమని డబ్బు చేతిలో పెట్టాడు.

బట్టల కొట్టువాడే మాకు సంగతి విడమరిచాడు. ఒంటి మీద ఉన్నవీ, వాడుకున్నవీ అయితే ఓడ దిగే ధనుష్కోటిలో ఏమీ అడగరట. మడత విప్పని కొత్త బట్టయితే సుంకం కట్టాలట. ఇక ఓడలో చూడాలి ఆ తమాషా. ఒకాయనకు రెండు చేతులకూ గడియారాలు. ఒకావిడ ఆ ఉక్కలో చీర మీద చీర చుట్టుకుని కూర్చుంది. నేనూ నా నీలం చీర కట్టుకున్నాను. మా పక్కనున్నామె, ఆ ఎర్రది కూడా దిగేదాకా ఒంటికి చుట్టుకోమని అత్తకు హితబోధ మొదలుపెట్టింది.

“అమ్మోరికి మొక్కుకున్న చీర నేను కట్టి విడిస్తే ఇంగ ఆమెకు ఎట్ల ఇచ్చేది? నేను విడిచిన బట్ట నీకిస్తే కట్టుకుంటావా?” అంది అత్త.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని గొణుక్కుంటూ ఆమె మొహం తిప్పుకుంది.

ధనుష్కోటిలో పెట్టెలు తెరిపించిన ఆఫీసరు మన తెలుగాయనే, నెమ్మదస్తుడు. ఎర్రచీర చూశాడు, అత్త కట్టుకున్న పాత నేతచీరా చూశాడు. జాలిపడ్డట్టున్నాడు.

“ఇది మీరు కట్టుకోవడానికి తెచ్చుకున్నదేనా అమ్మా? మీదే అనండి. ఒక్క చీర కోసం నేను పట్టుబట్టను.”

తల ఊపితే చాలు. నేను వెనకనుంచి మోచేత్తో పొడిచాను కూడా.

“నాది కాదప్పా. ఒంటిమిట్ట సీతమ్మది.”

“ఇంకొకరికి ఇచ్చే కొత్త వస్తువైతే, దేవుడికైనా సుంకం తప్పదమ్మా. మీదంటే పోయేదానికి ఎందుకీ పట్టుదల?”

“ఒకసారి నాదన్నాక ఏం మొగం పెట్టుకొని ఆమెకు ఇచ్చేది? సుంకం ఎంతో చెప్పు, కడతా.”

కట్టింది. కొడుకు ఇచ్చినదాంట్లో దారిలో తిండికి తప్ప మిగల్లేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. రైలెక్కాక, “నీకు చీర లేకపాయె కదత్తా” అన్నాను.

“శిస్తు కట్టకుండా మనం ఎప్పుడన్నా గింజ ఇంటికి తెచ్చుకున్నామా? ఇదీ అంతే” అని కిటికీ వైపు తిరిగింది. ఆమెకు బాధగా ఉందేమోనని తొంగి చూశాను. హాయిగా వక్క నములుతోంది.

ఇంటికి పోకుండా ఒంటిమిట్టలోనే దిగి గుడికి నడిచాం. కల్యాణపు రోజులు, జనం కిటకిటలాడుతున్నారు. పూజారి చీర అందుకుని లోపలికి వెళ్లాడు. కాసేపటికి తెర తీశారు. ఎర్రపట్టులో సీతమ్మ కళకళలాడుతోంది. పట్టు కట్టింది నేను, వెలిసిపోయిన నేతచీరలో ఉన్నది అత్త. అయినా ఆ గుంపులో రాణిలా నిలబడింది ఆమే. ఈమెకు నేను కోడలినని తలుచుకుంటే గర్వంగా అనిపించింది.

ముందు నిలబడ్డ ముసలావిడ వెనక్కి తిరిగింది. “శానా బాగుండాది చీర. మీరిచ్చిందేనంట కదా. యాడిదమ్మా?”

సముద్రం దాటి వచ్చిన పట్టు, కొడుకు సంపాదన, తీరిన మొక్కు. చెప్పుకోవడానికి ఎన్ని లేవు.

“సుంకం కట్టి తెచ్చినాం” అంది అత్త.